రిచ్ టెక్స్ట్ ఎడిటర్ - వెబ్ ఫారములో అమరిక

రిచ్ టెక్స్ట్ ఎడిటర్ అనగా వెబ్ పేజీలో వ్రాస్తున్న పాఠ్యాన్ని అక్కడికక్కడే బొద్దు అక్షరాలుగా, వాలు అక్షరాలుగా, జాబితాగా, పట్టికగా తీర్చుకొనడానికి వీలు కల్పించే సాధనము. తెరపై కనిపించిన రూపమే భద్రపరచిన తరువాత కూడా రావడం దీని ఉద్దేశము. ఈ పద్ధతికి విజివిగ్ అనే పేరు కూడా ఉన్నది. ఉత్తరాలు వ్రాసే వెబ్‌మెయిల్ పేజీలలోను, వార్తా సంస్థల ప్రచురణ వ్యవస్థలలోను, విశ్వవిద్యాలయాల దరఖాస్తులలోను ఇటువంటి ఎడిటర్లు కనిపిస్తాయి.

అప్పటికే సిద్ధంగా ఉన్న ఒక వెబ్ ఫారములో ఈ ఎడిటర్‌ను చేర్చినప్పుడు ఫారము అమరిక చెదరిపోవడం తరచుగా జరుగుతుంది. గడులు పక్కకు జరుగుతాయి, పేజీ తెర వెడల్పును దాటిపోతుంది, "పంపు" అనే బొత్తాము కనుచూపుకు అందకుండా పోతుంది. కొన్ని సందర్భాలలో వ్రాసిన విషయం అసలు సర్వరుకు చేరదు. ఇది అందచందాలకు మాత్రమే సంబంధించిన లోపము కాదు. ఒక పౌరుని అర్జీ గాని, ఒక విద్యార్థి దరఖాస్తు గాని గడువులోగా చేరడం, చేరకపోవడం దీనిపై ఆధారపడి ఉండవచ్చు. ఈ వ్యాసములో అమరిక చెదరడానికి కారణాలు, సరిచేసే పద్ధతులు, తెలుగు లిపి విషయంలో తీసుకొనవలసిన జాగ్రత్తలు వివరించబడినవి.

వెబ్ ఫారములు, మేడ్చల్ - శామీర్‌పేట ప్రాంతము

హైదరాబాదుకు ఉత్తర దిశలో ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనివి. తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లను, రికార్డులను వెబ్ ద్వారా నిర్వహించడానికి ఉద్దేశించిన ధరణి పోర్టలు 2020 అక్టోబరు 29న ఈ జిల్లాలోని మూడుచింతలపల్లి గ్రామములోనే ప్రారంభమైనది. మూడుచింతలపల్లి పూర్వం శామీర్‌పేట మండలములో ఉండేది. ధరణి స్థానములో 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టలు ప్రారంభమైనది. న్యాయవిద్యకు పేరొందిన నల్సార్ విశ్వవిద్యాలయము కూడా శామీర్‌పేటలోనే ఉన్నది. రైతు భూమి పనికైనా, విద్యార్థి ప్రవేశానికైనా నేడు మొదటి మెట్టు వెబ్ ఫారమే అయినది. కావున ఫారము సరిగా పనిచేయడం సామాన్యునికి కూడా ముఖ్యమైన విషయమే.

ఈ వ్యాసములో ఉదాహరణ కొరకు ఒక ఊహాత్మకమైన అర్జీ ఫారమును తీసుకొందాము. అందులో పేరు, గ్రామము, మండలము, ఫోను నంబరు అనే నాలుగు చిన్న గడులు, "సమస్య వివరణ" అనే ఒక పెద్ద గడి, చివర "పంపు" అనే బొత్తాము ఉన్నవి. పెద్ద గడి స్థానములో రిచ్ టెక్స్ట్ ఎడిటర్‌ను చేర్చవలసి ఉన్నది.

చరిత్ర

వెబ్ ఫారములో ఒకటి కంటే ఎక్కువ వరుసలు వ్రాయడానికి వాడే గడిని టెక్స్ట్‌ఏరియా అంటారు. 1995 నవంబరులో వెలువడిన హెచ్.టి.ఎమ్.ఎల్ 2.0 ప్రమాణములో ఇది ఉన్నది. టెక్స్ట్‌ఏరియాలో సాదా అక్షరాలు మాత్రమే పడతాయి. 2000 సంవత్సరములో విడుదలైన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5 లో కంటెంట్‌ఎడిటబుల్ అనే లక్షణము ప్రవేశపెట్టబడినది. దీనితో పేజీలోని ఏ భాగాన్నైనా పాఠకుడు దిద్దగలిగేలా చేయవచ్చు. 2003లో మొజిల్లా 1.3 లో డిజైన్‌మోడ్ అనే సదుపాయము వచ్చినది. ఈ రెండింటి ఆధారముగా 2003లో ఎఫ్‌సీకేఎడిటర్, 2004లో టైనీఎంసీఈ వెలువడినవి. ఎఫ్‌సీకేఎడిటర్‌ను తిరగవ్రాసి 2009లో సీకేఎడిటర్ అనే పేరుతో విడుదల చేశారు. వికీపీడియాలో చాలా కాలము వికీ గుర్తులతో కూడిన సాదా గడి మాత్రమే ఉండేది. 2013లో విజువల్ ఎడిటర్ అనే రిచ్ టెక్స్ట్ ఎడిటర్ అందుబాటులోకి వచ్చినది. సాదా గడి కూడా నేటికీ కొనసాగుతున్నది.

అమరిక ఎందుకు చెదురుతుంది

చూసేవారికి ఎడిటర్ ఒక గడి వలె కనిపించినా, నిజానికి అది గడి కాదు. ఎడిటర్‌ను చేర్చగానే మూడు పనులు జరుగుతాయి.

* మొదట, ఫారములో ఉన్న టెక్స్ట్‌ఏరియా కనిపించకుండా దాచబడుతుంది.
* తరువాత, దాని పక్కన ఒక కొత్త పెట్టె సృష్టించబడుతుంది. అందులో పైన టూల్‌బారు, మధ్యలో వ్రాసే స్థలము, కొన్నింటిలో అడుగున స్థితిపట్టీ ఉంటాయి.
* వ్రాసే స్థలము కంటెంట్‌ఎడిటబుల్ లక్షణము గల ఒక డివ్ గాని, ఐఫ్రేమ్‌లో ఉన్న మరొక చిన్న పేజీ గాని అయి ఉంటుంది.

అందువలన టెక్స్ట్‌ఏరియా కొరకు సి.ఎస్.ఎస్ లో వ్రాసిన వెడల్పు, ఎత్తు, అంచు, ఖాళీ వంటి నియమాలేవీ కొత్త పెట్టెకు వర్తించవు. వరుసల సంఖ్యను తెలిపే రోస్, వెడల్పును తెలిపే కాల్స్ అనే కొలతలు చాలా ఎడిటర్లలో పనిచేయవు. "సమస్య వివరణ" అనే శీర్షికను నొక్కితే కర్సరు ఎడిటర్‌లోకి వెళ్ళదు, ఎందుకనగా ఆ శీర్షిక ఇంకను దాగి ఉన్న టెక్స్ట్‌ఏరియానే సూచిస్తున్నది. ఈ ఒక్క విషయము అర్థమైనచో తక్కిన లోపాలలో చాలా భాగము వాటంతట అవే అర్థమవుతాయి. సరిచేయవలసినది టెక్స్ట్‌ఏరియాను కాదు, దాని స్థానములోకి వచ్చిన పెట్టెను.

వెడల్పు

మొదటి లోపము పెట్టె తన హద్దును దాటిపోవడము. ఉదాహరణకు ఫారములో ఎడిటర్‌కు ఇచ్చిన స్థలము 600 పిక్సెళ్ళు అనుకొందాము. పెట్టెకు వెడల్పు నూరు శాతము అని చెప్పి, లోపలి ఖాళీ ఇరువైపులా 10 చొప్పున, అంచు ఇరువైపులా 1 చొప్పున ఇచ్చినచో మొత్తము 622 పిక్సెళ్ళు అవుతుంది. సి.ఎస్.ఎస్ లోని సహజ నియమము ప్రకారము ఖాళీ, అంచు వెడల్పుకు అదనముగా చేరడమే దీనికి కారణము. బాక్స్-సైజింగ్ అనే లక్షణానికి బోర్డర్-బాక్స్ అనే విలువ ఇచ్చినచో ఈ రెండూ 600 లోనే ఇమిడిపోతాయి.

రెండవ కారణము ఫ్లెక్స్, గ్రిడ్ అమరికలలో కనిపిస్తుంది. ఎడమ వైపు శీర్షికలు, కుడి వైపు గడులు ఉండేలా ఫారమును ఫ్లెక్స్‌తో అమర్చినప్పుడు, కుడి వైపు భాగము తన లోపల ఉన్న విషయము కంటే ఇరుకు కావడానికి ఒప్పుకొనదు. టూల్‌బారు ఒకే వరుసలో ఉన్నచో ఆ వరుస ఎంత పొడవో ఆ భాగము కూడా అంత వెడల్పు అవుతుంది. అప్పుడు మిన్-విడ్త్ అనే లక్షణానికి సున్న విలువ ఇవ్వవలెను. గ్రిడ్ అమరికలో నిలువు వరుస కొలతను 1ఎఫ్ఆర్ అని కాక, కనీసము సున్న, గరిష్ఠము 1ఎఫ్ఆర్ అని మిన్‌మాక్స్ ద్వారా తెలుపవలెను. ఈ చిన్న మార్పుతోనే చాలా ఫారములు చక్కబడతాయి.

పాత ఫారములు పట్టికలతో కట్టబడి ఉంటాయి. పట్టికలోని గడి లోపలి విషయాన్ని బట్టి సాగుతుంది. టేబుల్-లేఅవుట్ అనే లక్షణాన్ని ఫిక్స్‌డ్ అని ఉంచి, పట్టికకు వెడల్పును ఇచ్చినచో నిలువు వరుసల కొలతలు నిలకడగా ఉంటాయి. ఫ్లోట్ పద్ధతిలో కట్టిన ఫారములో ఎడిటర్ తరువాత వచ్చే బొత్తాము పక్కకు ఎగబ్రాకుతుంది. బొత్తాము ఉన్న వరుసకు క్లియర్ అనే లక్షణాన్ని ఇచ్చి దానిని కిందికి దింపవలెను.

ఎత్తు

ఎడిటర్ జావాస్క్రిప్ట్ ద్వారా పనిచేస్తుంది కనుక పేజీ కనిపించిన కొద్ది సేపటికి గాని అది సిద్ధము కాదు. అంతవరకు చిన్నదిగా ఉన్న స్థలము ఒక్కసారిగా పెరగడముతో కింద ఉన్న గడులు, బొత్తాములు దిగువకు దూకుతాయి. నెమ్మదిగా నడిచే నెట్‌వర్కులో వాడుకరి ఒకదానిని నొక్కబోయి మరొకదానిని నొక్కే ప్రమాదము ఉన్నది. గూగుల్ 2020లో ప్రకటించిన వెబ్ నాణ్యతా కొలతలలో ఈ కుదుపును కూడా చేర్చింది. ఆ కొలత 0.1 లేక అంతకు తక్కువ ఉండుట మంచిదిగా పరిగణించబడుతుంది.

దీనికి నివారణ, ఎడిటర్ రాకముందే దాని స్థలాన్ని కేటాయించడము. ఉదాహరణకు అక్షరము 16 పిక్సెళ్ళు, వరుస ఎత్తు 1.6 రెట్లు అయినచో పది వరుసలకు 256 పిక్సెళ్ళు కావలెను. టూల్‌బారుకు 40, స్థితిపట్టీకి 24 కలిపితే మొత్తము 320. ఎడిటర్ చుట్టూ ఉన్న పెట్టెకు మిన్-హైట్ 320 అని ముందుగానే వ్రాసి ఉంచినచో తరువాత ఏదీ కదలదు. వ్రాసే స్థలానికి గరిష్ఠ ఎత్తును కూడా నిర్ణయించి, అది దాటితే లోపలనే జరుపుకొనే విధముగా ఉంచవలెను. లేనిచో పెద్ద అర్జీ వ్రాసేవారికి "పంపు" బొత్తాము ఎక్కడో అడుగుకు వెళ్ళిపోతుంది.

కొన్ని ఫారములు "మొదటి దశ", "రెండవ దశ" అని భాగాలుగా ఉంటాయి. కనిపించని భాగములో ఎడిటర్‌ను సృష్టించినచో దాని వెడల్పు, ఎత్తు సున్నగా లెక్కకు వస్తాయి. ఆ భాగము తెరుచుకొన్న తరువాత ఎడిటర్ నలిగిపోయి కనిపిస్తుంది. ఆ భాగము కనిపించిన తరువాతనే ఎడిటర్‌ను సృష్టించడము సరియైన పద్ధతి.

శైలుల కలయిక

పేజీకి ఒక శైలి, ఎడిటర్‌కు మరొక శైలి ఉంటాయి. ఫారములోని బొత్తాములన్నీ నూరు శాతము వెడల్పు ఉండవలెనని పేజీ నియమము ఉన్నచో, టూల్‌బారులోని చిన్న బొత్తాములు కూడా ఒక్కొక్కటి ఒక్కొక్క వరుసను ఆక్రమిస్తాయి. జాబితాల చుక్కలను తొలగించే నియమము పేజీలో ఉన్నచో, ఎడిటర్‌లో చేసిన జాబితాకు చుక్కలు కనిపించవు. వ్రాసేవారు జాబితా రాలేదనుకొని మరల మరల నొక్కుతారు. కావున ఫారము నియమాలను ఆ ఫారము గడులకు మాత్రమే వర్తించే విధముగా ప్రత్యేకమైన తరగతి పేరుతో వ్రాయవలెను.

ఐఫ్రేమ్ పద్ధతిలో దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది ఉన్నది. పేజీ శైలి లోపలికి చేరదు. అందువలన చుట్టూ ఉన్న గడులలో ఒక ఫాంటు, ఎడిటర్ లోపల వేరొక ఫాంటు కనిపిస్తాయి. లోపలి పేజీకి అవసరమైన శైలిని ఎడిటర్ అమరికలలో విడిగా తెలుపవలసి ఉంటుంది.

టూల్‌బారు నుండి తెరుచుకొనే జాబితాలు సగము కోసినట్లు కనిపిస్తే, చుట్టూ ఉన్న పెట్టెలలో ఏదో ఒక దానికి ఓవర్‌ఫ్లో హిడెన్ అని ఉన్నదేమో చూడవలెను. అవి ఇతర పెట్టెల వెనుకకు వెళ్ళినచో జెడ్-ఇండెక్స్ విలువలను పరిశీలించవలెను.

తెలుగు లిపికి సంబంధించిన జాగ్రత్తలు

ఆంగ్లములో చక్కగా ఉన్న అమరిక తెలుగులో చెదరడానికి కొన్ని ప్రత్యేక కారణాలు ఉన్నవి.

* వరుస ఎత్తు: తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వము వంటివి, కింద ఒత్తులు వస్తాయి. "మేడ్చల్" అనే మాటలో ఏత్వము పైన, చ వత్తు కింద ఉన్నవి. వరుస ఎత్తును 18 పిక్సెళ్ళు అని స్థిరముగా ఉంచినచో పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులతో ఢీకొంటాయి. వరుస ఎత్తును 1.6 వంటి నిష్పత్తిగా ఇవ్వడము మంచిది.
* పొడవైన మాటలు: తెలుగులో విభక్తులు, సమాసాలు కలిసి మాట పొడవు పెరుగుతుంది. "మూడుచింతలపల్లివాసులందరికీ" అనే ఒక్క మాట చిన్న ఫోను తెరలో చాలా భాగాన్ని ఆక్రమిస్తుంది. ఓవర్‌ఫ్లో-రాప్ అనే లక్షణానికి ఎనీవేర్ అనే విలువ ఇచ్చినచో, వరుసలో ఇమడని మాట మాత్రమే విరుగుతుంది. వర్డ్-బ్రేక్‌కు బ్రేక్-ఆల్ అని ఇవ్వరాదు. దానివలన మామూలు మాటలు కూడా వరుస చివరన అడ్డదిడ్డముగా విరుగుతాయి.
* కనిపించని అక్షరము: "శామీర్‌పేట" అనే పేరులో పొల్లు ర్ తరువాత పే విడిగా నిలవడానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు ఉన్నది. అది పోయినచో పేరు "శామీర్పేట" అని మారుతుంది. కొన్ని ఎడిటర్లు వేరొకచోట నుండి అతికించిన పాఠ్యాన్ని శుభ్రపరిచేటప్పుడు ఈ గుర్తును తొలగించవచ్చు, లేక హెచ్.టి.ఎమ్.ఎల్ సంకేతముగా మార్చవచ్చు. అప్పుడు ఒకే ఊరి పేరు రెండు విధాలుగా నిలువయై, వెదకినప్పుడు సగము అర్జీలే దొరికే అవకాశము ఉన్నది.
* ఫాంటు: విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చేది. ఆండ్రాయిడ్ ఫోనులలో సాధారణముగా నోటో తెలుగు ఫాంటు ఉంటుంది. ఫాంటు మారితే అక్షరాల వెడల్పు, ఎత్తు మారుతాయి. ఒకే కంప్యూటరులో చూసి అమరిక సరిగా ఉన్నదని నిర్ణయించరాదు.

వ్రాసినది సర్వరుకు చేరడము

అమరిక చక్కబడిన తరువాత కూడా ఒక ముఖ్యమైన పరీక్ష మిగిలి ఉంటుంది. ఎడిటర్‌లో వ్రాసిన విషయము నేరుగా సర్వరుకు వెళ్ళదు. అది దాగి ఉన్న టెక్స్ట్‌ఏరియాలోకి నకలు కావలెను, అక్కడ నుండి సర్వరుకు వెళ్ళవలెను.

టెక్స్ట్‌ఏరియాకు రిక్వైర్డ్ అనే గుర్తు ఉన్నచో, అనగా తప్పనిసరిగా నింపవలెనని నియమము ఉన్నచో, ఒక చిక్కు ఏర్పడుతుంది. "పంపు" నొక్కగానే బ్రౌజరు మొదట ఆ గడిని పరిశీలిస్తుంది. చాలా ఎడిటర్లు ఈ పరిశీలన ముగిసిన తరువాతనే నకలు చేస్తాయి. గడి ఖాళీగా ఉన్నది కనుక బ్రౌజరు ఫారమును ఆపివేస్తుంది. గడి దాగి ఉన్నది కనుక "ఇది నింపండి" అనే సూచనను ఎక్కడా చూపలేదు. వాడుకరి ఎన్నిసార్లు నొక్కినా పేజీ కదలదు, కారణము కనిపించదు. రిక్వైర్డ్ గుర్తును తొలగించి, ఆ పరిశీలనను జావాస్క్రిప్ట్‌లోను, సర్వరులోను చేయడము దీనికి పరిష్కారము. పేజీ మారకుండా అజాక్స్ పద్ధతిలో పంపే ఫారములలో, పంపే ముందు నకలు చేయమని ఎడిటర్‌కు స్పష్టముగా ఆదేశము ఇవ్వవలెను. టైనీఎంసీఈలో దీనికి ట్రిగర్‌సేవ్ అనే ఆదేశము ఉన్నది.

అక్షరాల పరిమితి విషయములో కూడా జాగ్రత్త అవసరము. "మేడ్చల్" అనే మాట కంటికి మూడు అక్షరాలుగా కనిపిస్తుంది. యూనీకోడ్‌లో అది ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున 21 బైట్లు అవుతుంది. దీనికి తోడు ఎడిటర్ చేర్చే హెచ్.టి.ఎమ్.ఎల్ గుర్తులు కూడా లెక్కలోకి వస్తాయి. పరిమితి దేనిని బట్టి లెక్కించబడుతున్నదో నిర్ణయించుకొని, ఇంకా ఎంత వ్రాయవచ్చునో వ్రాసేవారికి తెరపై చూపవలెను. లేనిచో అర్జీ చివరి వాక్యాలు, అనగా అసలు కోరిక ఉండే భాగము, తెగిపోయే ప్రమాదము ఉన్నది.

ఎడిటర్ నుండి వచ్చిన హెచ్.టి.ఎమ్.ఎల్ ను సర్వరులో వడగట్టకుండా తిరిగి పేజీలో చూపరాదు. హానికరమైన స్క్రిప్టులు దాని ద్వారా ప్రవేశించవచ్చు.

ఫోను తెరలు, చూపు లేనివారు

టూల్‌బారులో 32 పిక్సెళ్ళ వెడల్పు గల 20 బొత్తాములు ఉన్నచో మొత్తము 640 పిక్సెళ్ళు అవుతుంది. 360 పిక్సెళ్ళ ఫోను తెరలో అవి ఒకే వరుసలో పట్టవు. బొత్తాములు రెండవ వరుసకు మళ్ళే విధముగా ఉంచవచ్చు. అర్జీకి బొద్దు, జాబితా, లంకె, రద్దు అనే నాలుగైదు బొత్తాములు చాలును కనుక తక్కినవి తొలగించడము ఇంకా మేలు. ఐఫోనులో వ్రాసే స్థలములోని అక్షరము 16 పిక్సెళ్ళ కంటే చిన్నదైనచో, తాకగానే పేజీ పెద్దదై పక్కకు జరుగుతుంది. 16 లేక అంతకు మించి ఉంచినచో ఈ ఇబ్బంది ఉండదు.

చూపు లేనివారు తెరను చదివి వినిపించే సాఫ్టువేరును వాడుతారు. వారికి ఎడిటర్ పెట్టె ఏమిటో తెలియవలెనన్నచో దానికి టెక్స్ట్‌బాక్స్ అనే పాత్రను, "సమస్య వివరణ" అనే శీర్షికను ఆరియా లక్షణాల ద్వారా జతపరచవలెను.

ఎడిటర్ అవసరమా

అన్ని ఫారములకు రిచ్ టెక్స్ట్ ఎడిటర్ అవసరము లేదు. పైన చెప్పిన అర్జీ ఫారములో రంగులు, ఫాంట్లు, బొమ్మలతో పని లేదు. సమస్య స్పష్టముగా వ్రాసి పంపగలిగితే చాలును. అటువంటి చోట సాదా టెక్స్ట్‌ఏరియా తేలికగా తెరుచుకొంటుంది, అన్ని ఫోనులలో పనిచేస్తుంది, శీర్షికతోను, తప్పనిసరి నియమముతోను దానంతట అదే కలిసిపోతుంది. వ్యాసాలు, పాఠాలు, నోటీసులు, నివేదికలు వ్రాసే ఫారములలో, అనగా పాఠ్య రూపానికి కూడా అర్థము ఉన్న చోట్ల, ఎడిటర్ ఉపయోగపడుతుంది.

పరీక్షించే క్రమము

ఎడిటర్‌ను చేర్చిన తరువాత ఫారమును ఈ క్రమములో పరీక్షించవచ్చు.

# 360 పిక్సెళ్ళ వెడల్పులో పేజీ పక్కకు జరుగుతున్నదా అని చూడవలెను.
# నెట్‌వర్కు వేగాన్ని తగ్గించి, ఎడిటర్ వచ్చేటప్పుడు బొత్తాములు కదులుతున్నవా అని చూడవలెను.
# "మేడ్చల్", "శామీర్‌పేట", "మూడుచింతలపల్లి" వంటి పేర్లతో పది వరుసలు తెలుగులో వ్రాసి, ఒత్తులు, గుడులు ఢీకొంటున్నవా అని చూడవలెను.
# వేరొక పత్రము నుండి ఒక పట్టికను అతికించి, పెట్టె హద్దు దాటుతున్నదా అని చూడవలెను.
# మౌసు వాడకుండా, ట్యాబు మీటతో మాత్రమే పేరు గడి నుండి "పంపు" బొత్తాము వరకు చేరగలమా అని చూడవలెను.
# ఖాళీగా ఒకసారి, నింపి ఒకసారి పంపి, సర్వరులో నిలువైన పాఠ్యాన్ని వ్రాసినదానితో అక్షరము అక్షరముగా పోల్చవలెను.

వీటిలో చివరి పరీక్ష అన్నిటికంటే ముఖ్యమైనది. చూడడానికి చక్కగా ఉన్న ఫారము కూడా వ్రాసినదానిని పూర్తిగా చేర్చలేకపోవచ్చు. ఆ లోటు దానిని తయారుచేసినవారికి కాక, గడువు తేదీన దానిని నింపినవారికి తెలుస్తుంది.